టెంపర్ చేశాక బైనైటిక్ ఫోర్జింగ్ ఇంకా పెళుసెక్కింది, తప్పు ఎక్కడ జరుగుతోంది?

కొలిమి_పక్కన

నమస్కారం అండి. నేను ఫోర్జింగ్ షాపులో హీట్ ట్రీట్‌మెంట్ చూసుకుంటాను. ఇన్నేళ్లూ మా పనంతా మామూలు క్రోమ్-మాలీ ఉక్కుతోనే నడిచింది. ఫోర్జ్ చేయడం, చల్లారాక మళ్లీ 850కి వేడెక్కించి ఆయిల్‌లో ముంచడం, ఆపైన పెళుసు తగ్గడానికి 560 దగ్గర మళ్లీ వేడిచేసి టెంపర్ చేయడం, ఇదే దారి. ఈ మధ్య ఒక పార్టును బైనైటిక్ ఉక్కుకు (చల్లారేటప్పుడు లోపల బైనైట్ అనే నిర్మాణం వచ్చే ఉక్కు) మార్చారు. ఫోర్జింగ్ వేడి మీదే కన్వేయర్ మీద ఫ్యాన్ గాలితో చల్లార్చేస్తే చాలు, క్వెంచింగ్ అక్కర్లేదు, ఆ వంకర్లు సరిచేసే పని కూడా తప్పుతుంది, అందుకని.

కూర్పు ఇది: కార్బన్ 0.22, సిలికాన్ 1.5, మాంగనీసు 1.6, క్రోమియం 1.2, మాలిబ్డినం 0.25 శాతం. బిల్లెట్ (ఫోర్జ్ చేయబోయే ఉక్కు దిమ్మ) 1230 డిగ్రీలకు వేడెక్కుతుంది (అన్నీ సెల్సియస్‌లోనే చెబుతున్నా), డై నుంచి బయటికొచ్చేసరికి 1100 దగ్గర ఉంటుంది. పార్టుకు ఒక చివర 30 మిల్లీమీటర్ల కడ్డీ, రెండో చివర 75 మిల్లీమీటర్ల మందం ఉన్న హబ్. కన్వేయర్ మీద 12 నిమిషాలు ప్రయాణం చేసి బిన్‌లో పడుతుంది. బిన్‌కు దాదాపు 300 పార్టులు పడతాయి.

హార్డ్‌నెస్ ఎక్కడ చూసినా 37 నుంచి 39 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ సి స్కేలు), చక్కగా ఉంది. టెన్సైల్ (తెగే ముందు తట్టుకునే బలం) 1200 మెగాపాస్కల్స్ దగ్గర ఉంది కానీ యీల్డ్ (శాశ్వతంగా సాగడం మొదలయ్యే బలం) 780 దగ్గరే ఆగిపోతోంది. ఇక చార్పీ (సుత్తి దెబ్బకు ముక్క విరగడానికి పట్టే శక్తి) సంగతి చెప్పుకోలేను, ఒకే బ్యాచ్‌లో ఒక ముక్క 18 జూల్స్, ఇంకో ముక్క 43 జూల్స్. డ్రాయింగ్ అడిగేది గది ఉష్ణోగ్రత దగ్గర కనీసం 30.

పెళుసుగా ఉంది కదా అని అలవాటు ప్రకారం 520 దగ్గర 2 గంటలు టెంపర్ చేశాను. చార్పీ 11 నుంచి 24 మధ్యకు పడిపోయింది. హార్డ్‌నెస్ తగ్గకపోగా ఒక పాయింట్ పెరిగింది. టెంపర్ చేస్తే హార్డ్‌నెస్ తగ్గి టఫ్‌నెస్ పెరగాలి కదా? ఫర్నేస్ తప్పు చూపిస్తోందేమో అని వేరే మీటర్ పెట్టి చూశాను, ఫర్నేస్ సరిగానే ఉంది. రెండు వారాలుగా ఇదే టెన్షన్. తప్పు ఉక్కులో ఉందా, కూలింగ్‌లో ఉందా, టెంపరింగ్‌లో ఉందా, కనీసం ఎక్కడ మొదలుపెట్టి వెతకాలో చెప్పండి.

గాలి_కన్వేయర్

ముందు ఆ 520 టెంపరింగ్ ఆపేయండి, ఈ రోజే. ఆ అంకె మీ పాత ఉక్కుది. సిలికాన్ 1.5 ఉన్న బైనైటిక్ ఉక్కుకు అది పనికిరాదు, ఎందుకన్నది తెలిసినవాళ్లు ఎవరైనా వివరంగా చెబుతారు, నేను షాపులో చూసింది మాత్రమే చెప్పగలను.

రెండోది, మీరు రాసిన దాంట్లో నాకు ఆగిపోవాలనిపించిన మాట బిన్. కన్వేయర్ చివర్లో పార్టు ఎంత వేడిగా పడుతోంది? అది మీరు రాయలేదు. 300 వేడి పార్టులు ఒకదాని మీద ఒకటి పడితే అది బిన్ కాదండి, అది ఫర్నేసే. మధ్యలో ఉన్నవి గంటల తరబడి చల్లారవు, పైన ఉన్నవి గాలికి ఆరిపోతాయి. ఒకే బ్యాచ్‌లో 18, 43 రావడానికి ఇంతకంటే వేరే కారణం వెతకనక్కర్లేదేమో. మీరు చార్పీకి తీసిన ముక్కలు బిన్‌లో ఎక్కడివో గుర్తుందా?

కొలిమి_పక్కన

లేదండి, గుర్తు పెట్టుకోలేదు. చేతికి అందినవి తీశాం. కన్వేయర్ చివర టెంపరేచర్ కూడా ఎప్పుడూ కొలవలేదు, పాత ఉక్కుకు దాంతో పనే లేదు కదా, ఎలా చల్లారినా మళ్లీ వేడి చేసేవాళ్లం.

లెన్స్_కింద_లోహం

మీ చివరి వాక్యంలోనే అసలు విషయం ఉంది. పాత దారిలో ఫోర్జింగ్ తర్వాత ఉక్కు ఎలా చల్లారినా, తర్వాతి క్వెంచింగ్ ఆ చరిత్రనంతా తుడిచేసేది. ఇక్కడ రెండో అవకాశం లేదు. డై నుంచి బయటపడ్డాక మొదటి గంటలో జరిగిందే పార్టు లోపల ఎప్పటికీ ఉండిపోతుంది. అందుకని కాస్త పెద్దగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు మీ ఉక్కులో బైనైట్ ఏ కిటికీలో పుడుతుందో లెక్క వేద్దాం. బైనైట్ మొదలయ్యే ఉష్ణోగ్రతకు స్టీవెన్, హేన్స్ 1956లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. 830 నుంచి కార్బన్ శాతాన్ని 270తో, మాంగనీసును 90తో, నికెల్‌ను 37తో, క్రోమియంను 70తో, మాలిబ్డినంను 83తో గుణించి తీసేయాలి. మీ కూర్పుకు దాదాపు 522 వస్తుంది. మార్టెన్‌సైట్ (ఇంకా కిందికి చల్లారితే వచ్చే గట్టి నిర్మాణం) మొదలయ్యే చోటుకు ఆండ్రూస్ 1965లో ఇచ్చిన సూత్రం ఉంది. 539 నుంచి కార్బన్‌కు 423, మాంగనీసుకు 30.4, నికెల్‌కు 17.7, క్రోమియంకు 12.1, మాలిబ్డినంకు 7.5 చొప్పున తీస్తే మీకు 381 దగ్గర తేలుతుంది. దాంట్లో సిలికాన్ లెక్కలో లేదు కాబట్టి నిజం ఇంకాస్త కిందే ఉండొచ్చు. అంటే మీ కిటికీ సుమారు 520 నుంచి 380 వరకు, 140 డిగ్రీలు. 1100 నుంచి 520 వరకు పార్టు చేసే ప్రయాణంలో ఫెర్రైట్, పెర్లైట్ (నెమ్మదిగా చల్లారితే వచ్చే మెత్తని నిర్మాణాలు) రాకుండా చూసుకుంటే చాలు, ఆ పని మీ మాలిబ్డినం, క్రోమియం, మాంగనీసు చాలావరకు చేసిపెడతాయి. మీ చార్పీ అంకెల్ని నిర్ణయించేది మాత్రం ఈ 140 డిగ్రీలే.

ఇప్పుడు ఆ కిటికీ లోపల ఏం జరుగుతుందో చూడండి. ఆస్టెనైట్ (ఎర్రగా కాలినప్పుడు ఉక్కు ఉండే రూపం) నుంచి బైనైటిక్ ఫెర్రైట్ సన్నని పలకలుగా పెరుగుతుంది. ఫెర్రైట్ కార్బన్‌ను దాదాపుగా దాచుకోలేదు, పక్కనున్న ఆస్టెనైట్‌లోకి నెట్టేస్తుంది. మామూలు ఉక్కులో ఆ కార్బన్ సిమెంటైట్‌గా (ఇనుప కార్బైడ్‌గా) గడ్డకట్టి పలకల మధ్య గీతల్లా కూర్చుంటుంది, ఎగువ బైనైట్ అంటే అదే, పగుళ్లు మొదలయ్యేది అక్కడే. మీ ఉక్కులో 1.5 శాతం సిలికాన్ వేసింది దాన్ని ఆపడానికే. సిమెంటైట్‌లో సిలికాన్ ఇమడదు, కాబట్టి సిమెంటైట్ పుట్టడం బాగా ఆలస్యమవుతుంది, కార్బన్ ఆస్టెనైట్‌లోనే ఉండిపోతుంది, కార్బన్ ఎక్కువైన ఆస్టెనైట్ గది ఉష్ణోగ్రతకు వచ్చినా మారకుండా నిలబడుతుంది. కార్బైడ్ లేని బైనైట్ అంటే ఇదే.

కానీ ఆ నిలబడే ఆస్టెనైట్‌కు రెండు రూపాలున్నాయి. ఒకటి పలకల మధ్య పల్చటి పొర, చాలాసార్లు 100 నానోమీటర్ల కన్నా తక్కువ మందం. అది మనకు స్నేహితుడు. పగులు వచ్చి దానికి తగిలితే ఆగుతుంది, మళ్లుతుంది. రెండోది పలకల గుంపుల మధ్య చిక్కుకున్న ముద్ద, మైక్రాన్ల సైజులో ఉంటుంది. కార్బన్ దాని మధ్య వరకు సరిగా చేరదు కాబట్టి అది బలహీనమైన ఆస్టెనైట్. చల్లారేటప్పుడే సగం సగం మార్టెన్‌సైట్‌గా మారిపోతుంది, లేదా చార్పీ సుత్తి తగిలిన క్షణంలో మారుతుంది. ఆ మార్టెన్‌సైట్‌లో ఉండేది మీ 0.22 కార్బన్ కాదు, దానికి మూడు నాలుగు రెట్లు ఉండొచ్చు. గాజు ముక్క లాంటిది. మీ 18 జూల్స్ ముక్కలో ఇవి నిండి ఉంటాయని నా అంచనా.

ముద్దలు ఎక్కువా పొరలు ఎక్కువా అన్నది బైనైట్ ఏ ఉష్ణోగ్రతలో పుట్టిందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒకే కూర్పున్న ఫెర్రైట్, ఆస్టెనైట్ రెండిటి శక్తి సమానమయ్యే ఉష్ణోగ్రతను టీ-జీరో అంటారు. ఆస్టెనైట్‌లో కార్బన్ పెరిగి ఆ గీతను తాకగానే బైనైట్ పెరగడం ఆగిపోతుంది, ఆ తర్వాత అదే వేడిలో గంటలు ఉంచినా ముందుకు పోదు. ఆ గీత ఎలా వాలి ఉంటుందంటే, వేడి ఎక్కువైతే తక్కువ కార్బన్ దగ్గరే ఆట ముగుస్తుంది. 480 దగ్గర నిలిపితే బైనైట్ త్వరగా ఆగిపోయి బోలెడంత ఆస్టెనైట్ పెద్ద ముద్దలుగా మిగులుతుంది, అందులో కార్బన్ కూడా చాలదు. 400 దగ్గర నిలిపితే బైనైట్ ఎక్కువ వస్తుంది, పలకలు సన్నబడతాయి, మిగిలిన కొద్ది ఆస్టెనైట్ కార్బన్‌తో గట్టిపడి పొరలుగా నిలబడుతుంది. ఇదే సూత్రాన్ని చివరిదాకా తీసుకెళ్లిన ఉక్కులూ ఉన్నాయి. 0.8 నుంచి 1 శాతం కార్బన్ వేసి 200 డిగ్రీల దగ్గర రోజుల తరబడి ఉంచితే 20 నుంచి 40 నానోమీటర్ల మందం పలకలు వస్తాయి, బలం 2 గిగాపాస్కల్స్ దాటుతుంది. మీకు అంత అవసరం లేదు, కానీ దిశ అదే: ఎంత కిందికి వెళ్లి మారితే అంత సన్నన.

ఇక్కడ ఇంకో సంగతి. 1930లో డావెన్‌పోర్ట్, బెయిన్ ఈ నిర్మాణాన్ని చూపించింది ఉక్కును ఒకే ఉష్ణోగ్రతలో నిలబెట్టి ఉంచిన ప్రయోగాల్లో. ఆ తర్వాత దీనికి బెయిన్ పేరే పెట్టారు. పుస్తకాల్లో మనం చూసే అందమైన బొమ్మలు చాలావరకు అలా నిలబెట్టినవే. మీ కన్వేయర్ మీద పార్టు నిలబడదు, జారుతూ ఉంటుంది. కాబట్టి ఒకే పార్టులో 500లో పుట్టిన బైనైట్, 430లో పుట్టినది, 390లో పుట్టినది అన్నీ కలిసి ఉంటాయి. హార్డ్‌నెస్ మీటర్ వీటన్నిటి సగటు చెబుతుంది, అందుకే ఎక్కడ చూసినా 38. మెత్తని ముతక బైనైట్ పక్కన గట్టి మార్టెన్‌సైట్ ముద్దలున్నా 38 వస్తుంది, అంతా సన్న బైనైటే ఉన్నా 38 వస్తుంది. ఈ ఉక్కులో హార్డ్‌నెస్ చూసి బ్యాచ్ పాస్ చేయడం నాకు అసలు నచ్చదు.

ఇక టెంపరింగ్. 520లో మీరు చేసిందేమిటంటే, అంత కష్టపడి నిలబెట్టుకున్న ఆస్టెనైట్‌ను విరగ్గొట్టారు. సిలికాన్ సిమెంటైట్‌ను ఆలస్యం చేస్తుందే తప్ప ఎప్పటికీ ఆపలేదు. 400 దాటి వేడి పెరిగేకొద్దీ ఆస్టెనైట్ ఫెర్రైట్‌గా, కార్బైడ్‌గా విడిపోతుంది, ఆ కార్బైడ్లు సరిగ్గా పలకల హద్దుల్లోనే పడతాయి. పూర్తిగా విడిపోని ముద్దలు కొంత కార్బన్ పోగొట్టుకుంటాయి, దాంతో వాటి మార్టెన్‌సైట్ ఉష్ణోగ్రత పైకొస్తుంది, మీరు ఫర్నేస్ నుంచి తీసి చల్లార్చేటప్పుడు కొత్త మార్టెన్‌సైట్ పుడుతుంది. టెంపర్ అవ్వని పచ్చి మార్టెన్‌సైట్. మీ హార్డ్‌నెస్ ఒక పాయింట్ పెరగడం నన్నైతే ఆశ్చర్యపరచలేదు. 620కో ఇంకా పైకో వెళ్తే టఫ్‌నెస్ తిరిగి వస్తుంది కానీ బలం పడిపోతుంది, అప్పుడు ఈ ఉక్కు కొన్నదెందుకు?

కాబట్టి 280 నుంచి 320 మధ్య 2 గంటలు చేసి చూడండి. మామూలు క్రోమ్-మాలీ ఉక్కును ఆ వేడిలో టెంపర్ చేస్తే పెళుసెక్కుతుందని మీకు నేర్పే ఉంటారు, అది నిజమే, కానీ సిలికాన్ ఆ పెళుసు గొయ్యిని పైకి జరుపుతుంది. విమానాల ల్యాండింగ్ గేర్లకు వాడే 300ఎం ఉక్కులో 1.6 శాతం సిలికాన్ ఉంటుంది, దాన్ని టెంపర్ చేసేది 300 దగ్గరే.

కొలిమి_పక్కన

ఇది రెండుసార్లు చదివాను, మూడోసారి కూడా చదువుతాను. ఇన్నాళ్లూ హార్డ్‌నెస్ ఒక్కటే నమ్ముకున్నాం. ఒక సందేహం: ఆ ముద్దలు నిజంగా ఉన్నాయో లేదో మా దగ్గర ఎలా తెలుసుకోవాలి? మైక్రోస్కోప్ ఉంది, నైటాల్ (చూసే ముందు ముక్కకు పట్టించే ఆసిడ్ ద్రావణం) ఉంది, ఎక్స్-రే లేదు.

లెన్స్_కింద_లోహం

నైటాల్‌తో చూస్తే బైనైట్ అంతా గోధుమ రంగు గజిబిజిగా కనిపిస్తుంది, ముద్దలో ఉన్నది మార్టెన్‌సైటో ఆస్టెనైటో తేలదు. లెపెరా ఎచింగ్ (ఇంకో రకం ద్రావణంతో రంగులు తేల్చడం) చేసి చూడండి, మార్టెన్‌సైట్, ఆస్టెనైట్ రెండూ తెల్లగా మెరుస్తాయి, బైనైట్ ముదురుగా ఉంటుంది. ఎచింగ్ కాస్త మొండిది, పాలిష్ చేసిన వెంటనే చేయాలి, తొలి నాలుగైదుసార్లు కుదరకపోతే వదిలేయకండి. తెల్ల ముద్దలు పెద్దవిగా, మూలలు తేలి కనిపిస్తే అవే మన దొంగలు.

ఇంకో సులువైన పరీక్ష ఉంది. ముక్క హార్డ్‌నెస్ కొలిచి, ఆల్కహాల్‌లో డ్రై ఐస్ వేసిన స్నానంలో ఒక గంట ఉంచి, గది వేడికి తెచ్చి మళ్లీ కొలవండి. ఆ స్నానం మైనస్ 70ల్లో ఉంటుంది. హార్డ్‌నెస్ తేడాగా పెరిగితే బలహీనమైన ఆస్టెనైట్ ఉందన్నమాట, చలికే మారిపోయింది. పొరల ఆస్టెనైట్ అంత సులువుగా మారదు. గాలి బాగా ఆడే చోట చేయండి, చేతులకు మందపాటి గ్లవ్స్ తప్పనిసరి, దగ్గర్లో మంట ఉండకూడదు.

డై_సెట్టర్_పాతకాపు

పై సమాధానాలతో నాకు పెద్దగా తగువు లేదు కానీ అంతా కూలింగ్ మీదకే తోసేయడం సరికాదు. రెండు విషయాలు కూడా చూడండి.

ఒకటి బార్‌లో మాంగనీసు చారలు. సగటు 1.6 అని సర్టిఫికెట్‌లో ఉన్నా చారలో 2 ఉండొచ్చు. పైన చెప్పిన సూత్రంతోనే లెక్కేస్తే ఆ చార దగ్గర బైనైట్ మొదలయ్యేది 36 డిగ్రీలు కిందికి పోతుంది. చుట్టూ అంతా మారిపోయాక ఆ చార మాత్రం ఆస్టెనైట్‌గా మిగిలి మార్టెన్‌సైట్ గీతగా తేలుతుంది. చార్పీ ముక్క ఏ దిక్కుగా కోశారన్న దాన్ని బట్టి అంకె మారిపోతుంది. మీరు కడ్డీ పొడవునా కోశారా, అడ్డంగా కోశారా? అన్నీ ఒకే దిక్కున కోయకపోతే 18కీ 43కీ పోలికే లేదు.

రెండు, 1230. ఈ ఉక్కుకు అంత వేడి అవసరమా? డై మార్చేటప్పుడు బిల్లెట్లు హీటర్‌లో నానిపోతుంటాయి, గ్రెయిన్లు (లోహంలోని స్ఫటిక రేణువులు) ఊరతాయి. ఆస్టెనైట్ గ్రెయిన్ ముతకైతే బైనైట్ గుంపులు కూడా పెద్దవవుతాయి, పగులుకు అడ్డమే ఉండదు. 1180కి తగ్గించి ప్రెస్ మోయగలదేమో చూడండి, ఆగిపోయిన బిల్లెట్లు పక్కన పెట్టేయండి. నా అనుభవంలో కూలింగ్ ఎంత దిద్దినా ముతక గ్రెయిన్‌ను కాపాడలేకపోయాం.

గాలి_కన్వేయర్

గ్రెయిన్ సంగతి ఒప్పుకుంటా. కానీ గ్రెయిన్ ముతకైతే అంకెలన్నీ కిందికి రావాలి, ఇలా చెల్లాచెదురు కావు. చెల్లాచెదురు అంటే పార్టుకీ పార్టుకీ ఏదో వేరుగా జరుగుతోంది. నేను ఇంకా బిన్ దగ్గరే ఉన్నాను.

కొలిమి గారూ, హబ్ మధ్యకు రంధ్రం చేసి కె రకం థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) పెట్టి, పొడవాటి వైరుతో కన్వేయర్ వెంట నడవండి. ఇంకోటి బిన్ మధ్యలో. ఒక్క షిఫ్ట్ పని.

ఫ్యాన్ల గురించి కూడా ఒక మాట. చాలా చోట్ల ఫ్యాన్లన్నీ కన్వేయర్ మొదట్లోనే పెడతారు, పార్టు ఎర్రగా ఉంది కదా అని. ఎర్రగా ఉన్నప్పుడు అది తనంతట తానే వేడిని వెదజల్లుతుంది. 1000 దగ్గర ఉన్న పార్టు వెదజల్లే వేడి 500 దగ్గరున్న దానికి 7 రెట్లకు పైనే, ఎందుకంటే అది పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి పోతుంది. ఎరుపు పోయాకే పార్టుకు గాలి సాయం కావాలి, అంటే సరిగ్గా మీ కిటికీ దగ్గర పడుతున్నప్పుడు. దానికి తోడు బైనైట్ పుట్టేటప్పుడు లోపల్నుంచి వేడి వదులుతుంది, కర్వ్ అక్కడ బద్ధకంగా అడ్డంగా సాగుతుంది. ఫ్యాన్లు కన్వేయర్ రెండో సగంలో ఉండాలి.

కొలిమి_పక్కన

కొలిచాను అండి. మీరందరూ చెప్పినట్టే చేశాను, ఇవిగో అంకెలు.

కన్వేయర్ చివర కడ్డీ 350 దగ్గర ఉంది, హబ్ మధ్య మాత్రం 485. ఫ్యాన్లు అన్నీ మొదటి సగంలోనే ఉన్నాయి, గాలి_కన్వేయర్ గారు చూసినట్టే చెప్పారు. బిన్ మధ్యలో పెట్టిన థర్మోకపుల్ చూసి నాకు నోట మాట రాలేదు. పార్టులు నిండుతుంటే 460కి ఎక్కి, గంటన్నర పాటు 440 పైనే ఉంది. పై వరుసలో పార్టులు 40 నిమిషాల్లో 250 కిందికి వచ్చేశాయి.

బిన్ మధ్య నుంచి 6, పై వరుస నుంచి 6 పార్టులు గుర్తు పెట్టి తీశాను, అన్నీ కడ్డీ నుంచే, పొడవునా ఒకే దిక్కులో కోశాం. మధ్యవి 17 నుంచి 23 జూల్స్, పైవి 38 నుంచి 44. హార్డ్‌నెస్ రెండిటికీ 38. ఒక్క పాయింట్ తేడా లేదు. డ్రై ఐస్ పరీక్షలో మధ్యవి 2 పాయింట్లు పెరిగాయి, పైవి కదల్లేదు. లెపెరా మూడు ప్రయత్నాలకు కుదిరింది, మధ్య ముక్కలో తెల్ల ముద్దలు కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి.

ఒకటి మాత్రం అర్థం కాలేదు. కన్వేయర్ చివర కడ్డీ 350కి వచ్చేసింది కదా, అంటే బైనైట్ అప్పటికే అయిపోయి ఉండాలి. తర్వాత బిన్‌లో వేడెక్కితే నష్టమేంటి?

లెన్స్_కింద_లోహం

మంచి ప్రశ్న, బాగా కొలిచారు కూడా. కడ్డీ 350కి వచ్చింది నిజమే కానీ అది కిటికీని త్వరగా దాటేసింది, బైనైట్ పూర్తవ్వలేదు. ఇంకా మారాల్సిన ఆస్టెనైట్ లోపల ఉంది. దాన్ని బిన్‌లో హబ్‌ల వేడి మళ్లీ 440, 460కి ఎక్కించింది. మిగిలిన మార్పు అంతా ఆ పై వేడిలో, ముతకగా జరిగింది, టీ-జీరో అడ్డుకుని సగంలో ఆగింది. అంతే కాదు, 440 పైన గంటన్నర అంటే కొంత ఆస్టెనైట్ విడిపోవడం కూడా మొదలై ఉంటుంది. మీరు 520లో కావాలని చేసిందే బిన్ మీకు తెలియకుండా కొంత చేసిపెట్టింది.

ఇప్పుడు దారి: రెండో సగంలో గాలి పెంచి పార్టును 420, 400 దాకా వీలైనంత త్వరగా దించండి. అక్కడ ఆపండి. 380 నుంచి 400 దగ్గర ఒక 30 నిమిషాలు గాలి తగలకుండా, ఇన్సులేషన్ ఉన్న పెట్టెలో పల్చగా, ఒకే వరుసలో పేర్చి ఉంచితే బైనైట్ తన పని తాను పూర్తి చేసుకుంటుంది. ఆ తర్వాత మామూలు గాలి. కడ్డీ 380 కన్నా కాస్త కిందికి పోతే కంగారు పడకండి. అక్కడ పుట్టే మార్టెన్‌సైట్ 0.22 కార్బన్‌ది, పుట్టిన వేడికే కొంత టెంపర్ అవుతుంది, 300 టెంపరింగ్‌లో మిగతాది సర్దుకుంటుంది. మనకు శత్రువు చివర్లో చల్లారాక ముద్దల్లో పుట్టే ఎక్కువ కార్బన్ మార్టెన్‌సైట్. రెండూ ఒకే పేరుతో పిలిచినా ఒకటి కావు.

కొలిమి_పక్కన

మూడు వారాల తర్వాత వస్తున్నా. ఫ్యాన్లు సగం రెండో భాగానికి మార్చాం. బిన్ తీసేసి, పాత ఫర్నేస్ ఇటుకలతో ఒక పొడవాటి సొరంగం లాంటి పెట్టె కట్టాం, పార్టులు ఒకే వరుసలో అందులోంచి 35 నిమిషాలు నడుస్తాయి, లోపల 390 అటూ ఇటూ ఉంటుంది. బిల్లెట్ కూడా 1190కి తగ్గించాం, ప్రెస్ కాస్త మూలిగింది కానీ నడుస్తోంది.

కడ్డీ నుంచి తీసిన 24 ముక్కల్లో అతి తక్కువ 37, అతి ఎక్కువ 46. 300 దగ్గర 2 గంటలు టెంపర్ చేస్తే యీల్డ్ 780 నుంచి 890కి వచ్చింది, చార్పీ తగ్గలేదు, కొన్ని ముక్కలు 50 తాకాయి. హార్డ్‌నెస్ మాత్రం, నమ్మండి, మళ్లీ 38.

హబ్ మధ్య నుంచి తీసినవి ఇంకా 26 నుంచి 31 మధ్యే ఆడుతున్నాయి. అక్కడ 30 దాటించలేకపోతున్నా. ఇంకా గాలి పెంచితే కడ్డీ మరీ చల్లబడిపోతోంది.

గాలి_కన్వేయర్

పార్టును కన్వేయర్ మీద ఎటు పెడుతున్నారు? హబ్ గాలి వైపు, కడ్డీ నీడ వైపు వచ్చేలా అడ్డంగా పేర్చండి. కడ్డీల మీదుగా ఒక రేకు అడ్డం పెట్టినా చాలు, గాలంతా హబ్‌కే పోతుంది. మేము ఇలాంటి పార్టుకు రేకు పెట్టాక రెండు చివర్ల మధ్య తేడా సగానికి తగ్గింది.

డై_సెట్టర్_పాతకాపు

హబ్‌లో మధ్య రంధ్రం తర్వాత మెషీనింగ్‌లో తీసేదేనా? అయితే డై మార్చేటప్పుడు ఆ రంధ్రానికి ముందే లోతుగా గుంట వచ్చేలా అడగండి. 75 మందం కాస్తా 45కు దగ్గరవుతుంది, గాలి లోపలికి వెళ్తుంది, మెటీరియల్ కూడా మిగులుతుంది. ఫ్యాన్‌తో చేసే కుస్తీ కన్నా ఇది నయం.

లెన్స్_కింద_లోహం

రెండూ చేయండి, రేకు రేపే పెట్టొచ్చు, డై టైం పడుతుంది. ఈలోపు హబ్ ముక్కను లెపెరాతో చూడండి. తెల్లవి ముద్దలుగా చెదిరి ఉంటే అది ఇంకా కూలింగ్ సమస్యే, రేకుతో చాలావరకు తగ్గుతుంది. తెల్లవి గీతల్లా వరుసగా ఉంటే పాతకాపు గారు చెప్పిన మాంగనీసు చార, దాన్ని మీ షాపులో ఎవరూ పోగొట్టలేరు, బార్ ఇచ్చేవాళ్లతో మాట్లాడాలి.

కొలిమి_పక్కన

హబ్ మధ్య రంధ్రం మెషీనింగ్‌లో పోయేదే, గుంట గురించి డిజైన్ వాళ్లకు ఈ సాయంత్రమే రాశాను. ఇందాకే లెపెరా చేశా: చెదిరిన ముద్దలే, గీతలు లేవు. రేకు రేపు మొదటి షిఫ్ట్‌కు కోయిస్తున్నా, హబ్ అంకెలు రాగానే ఇక్కడే పెడతాను.